గబ్బిలాలు రాల్చిన ఇప్పగింజలు

చిన్న కథే చెప్తాను తల్లీ. నువ్వు ఇటు నుంచి అటు ఒత్తిగిల్లేలోపు అయిపోతుంది. కళ్ళు మూసుకో.

అనగనగా కొండల నడుమ ఒక ఊళ్ళో ఇరవై గడపలు. అన్నీ వెదురు తడికెల ఇళ్ళే. ఆ ఊరి పెద్దకాపు సింగిరెడ్డి. ఊళ్ళో తగవులన్నీ ఆయనే తీర్చేవాడు. ఇంట్లో తగవు మాత్రం వాళ్ళావిడ చుక్కమ్మ తీర్చేది. చుక్కమ్మకి ముక్కు చురుకు. పక్కింట్లో ఏ పులుసు మరుగుతోందో తన గుమ్మంలో కూర్చునే చెప్పేసేది. ఉప్పు చాలలేదని కూడా చెప్పేది. ఒకసారి ఏమైందంటే... అది వేరే కథలే, నువ్వు పెద్దదానివయ్యాక చెప్తాను. ఇది కన్నమ్మ కథ.

కన్నమ్మకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. రెండు మోకాళ్ళు ఉన్నాయి, అవీ ఆమె మాట వినవు. కొండెక్కలేదు. అయినా ఏడాదికి సరిపడా ఇప్పనూనె ఆమె ఇంట్లో ఉండేది.

ఎలాగంటావా? ఆమె గుడిసె ముందు ఒక మద్దిచెట్టు. దాని నిండా గబ్బిలాలు, కుక్కపిల్ల మొహాలేసుకుని తలకిందులుగా వేలాడుతూ. పండూ పువ్వూ తప్ప మరోటి ముట్టేవి కావు. ఇప్పపండ్లు మాగగానే కొండమీది చెట్ల నుంచి పండు నోట కరుచుకొచ్చి, మద్దికొమ్మకి వేలాడి, గుజ్జు చప్పరించి గింజ వదిలేసేవి. తెల్లవారేసరికి కన్నమ్మ వాకిట్లో శుభ్రమైన గింజలు. ఆమె దేక్కుంటూ ఏరుకునేది. ఎండబెట్టి, దంచి, నూనె తీసేది. కూరకీ అదే, దీపానికీ అదే, మోకాళ్ళకీ అదే.

"కడుపు నిండిందా నాయనా?" అని పైకి చూసి అడిగేది. అవి కిచకిచమనేవి. ఆ ఊళ్ళో రోజూ ఆమెకి బదులు పలికేది అవే.

అప్పుడు ఒకనాడు చుక్కమ్మ ముక్కుకి గబ్బిలాల కంపు తగిలింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు తగల్లేదు, ఆరోజు తగిలింది. "మన ఇప్పపండ్లన్నీ అవే మింగేస్తున్నాయి. తోలేస్తే గింజంతా మనదే" అంది. సింగిరెడ్డికి కూడా సరిగ్గా అదే ఆలోచన వచ్చింది. పంచాయితీ పెట్టి తన ఆలోచనగా చెప్పాడు.

"గింజ అవి మింగవు అల్లుడూ. గుజ్జు తిని గింజ మనకే వదుల్తాయి" అంది కన్నమ్మ, ఊరి వరస కలిపి.

"నీ వాకిట్లోనే వదుల్తున్నాయి కదత్తా" అన్నాడు సింగిరెడ్డి.

మొదటిరోజు డప్పు కొట్టారు. గబ్బిలాలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వాలాయి. రెండోరోజు చెట్టుకింద పొగ పెట్టారు. ఆ పొగ తిన్నగా చుక్కమ్మ ఇంట్లోకి వెళ్ళింది. మూడోరోజు డప్పూ పొగా రెండూ పెట్టారు. అప్పుడు తల్లులు పిల్లల్ని పొట్టకి కరుచుకుని లేచాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఇప్పపండు ఊరందరిదీ అయింది. పండు పండుగానే కిందపడింది. చీమలు పట్టాయి, పురుగు పట్టింది. పిసికి గింజ తీద్దామంటే జిగురు వేళ్ళకంటుకుని వదల్లేదు. మగవాళ్ళు చేతులు కదపలేక కూర్చున్నారు. దానివల్ల ఊరిపని ఏమీ ఆగలేదు, ముందూ వాళ్ళు కూర్చునే ఉండేవారు.

కన్నమ్మ వాకిట్లో మాత్రం ఒక్క గింజా లేదు. నూనెకుండలో అడుగు కనిపించింది. కొండెక్కలేని మనిషి, ఒకర్ని అడగడం చేతకాని మనిషి. ఈ ఏడు గడిచేదెలా?

మొదట ఆమె మద్దికొమ్మకి మాగిన మామిడిపండ్లు కట్టింది. కోతులు తినిపోయాయి. ఆ తర్వాత సింగిరెడ్డి చేత ఇంక డప్పు కొట్టనని మాట ఇప్పించుకుంది. ఆయన ఇచ్చాడు. ఆ సంగతి గబ్బిలాలకి ఎవరూ చెప్పలేదు. మూడోసారి కర్ర పట్టుకుని తనే వెతకడానికి బయల్దేరింది.

గబ్బిలాలు పండు నమిలి పిప్పి ఉమ్మేస్తాయి కదా. బండమీద ఒక పిప్పి, పొద కింద ఒక పిప్పి, ఆ గుర్తులు పట్టుకుని, కొండ ఎక్కకుండా చుట్టూ తిరిగి, కూర్చుంటూ లేస్తూ మూడురోజులు నడిచింది. రెండు కొండల అవతల వాగుగట్టున పెద్ద మద్దిచెట్లు. వాటి నిండా గబ్బిలాలు. కింద కాలు మోపే చోటు లేకుండా ఇప్పగింజలు.

"చెప్పకుండా వచ్చేశారేం నాయనా?" అంది కన్నమ్మ. అని అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చింది. మోకాళ్ళ నొప్పి వల్లేనని తర్వాత చెప్పిందిలే.

ఆమె తిరిగొచ్చేసరికి ఊరంతా ఎదురొచ్చింది. "ఎప్పుడొస్తాయట అత్తా?" అని సింగిరెడ్డి అడిగాడు.

"రావట" అని, కన్నమ్మ తన గుడిసె తడికెలు విప్పడం మొదలుపెట్టింది.

ముసలిది మోయలేదని ఊరివాళ్ళే తడికెలు ఆ వాగుగట్టుకి మోసుకెళ్ళారు. మోసుకెళ్ళినవాళ్ళు చెట్లకింద గింజలు చూశారు. ఆ నెలలో ఏడిళ్ళు కదిలాయి. కోతలయ్యాక పదకొండు. చివరికి సింగిరెడ్డి ఇల్లు. చుక్కమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, కన్నమ్మ పక్కన ఇల్లు వేసుకుంది.

ఊరు ఇప్పుడు అక్కడే ఉంది. పాత చోట ఎవరూ లేరు.

కథ కంచి దారి పట్టింది,
గింజ రోటి దారి పట్టింది,
గబ్బిలం కొమ్మ పట్టింది,
మా తల్లికి కునుకు పట్టింది.