తోసిపుచ్చిన బిల్లు

పరాంకుశం మాస్టారు ఎవరేమడిగినా వాదనకు దిగేవారు కాదు. జరిగినదేదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఉపాధ్యాయుల ఓట్లతో కొత్తగా శాసనమండలికి వెళ్లిన ఇందుమతి ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. ఒక సాయంత్రం వచ్చి ఉక్రోషంగా అడిగింది.

"బిల్లును ఆపే శక్తి లేని సభలో ఎందుకు కూర్చోవాలి మాస్టారూ? మేం కాదన్నా శాసనసభ రెండోసారి పంపితే చట్టమైపోతుంది. అడవి ఊళ్లను ఖాళీ చేయించే బిల్లు రేపు వస్తోంది. రాగానే తోసిపుచ్చేస్తాం. పరువైనా దక్కుతుంది."

మాస్టారి ముఖం వాడిపోయింది. ఆయన చెప్పినదిది.

ఆయన కూడా ఒకప్పుడు మండలి సభ్యుడే. ఒక శ్రావణంలో, జలాశయం కోసం ఏటిగట్టు ఊరొకటి ఖాళీ చేయించే బిల్లు శాసనసభ దాటి మండలికొచ్చింది. అలా వచ్చిన బిల్లును మండలి మూడు నెలలు తన దగ్గర ఉంచుకోవచ్చు. శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకొక నెల. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు. సభలో తలపండిన అచ్యుతరామయ్యగారు మాస్టారి పక్కకు జరిగి, "తొందరపడకు నాయనా, చర్చ పేరుతో సాగదీద్దాం" అన్నారు. ముసలాయనలో చేవ చచ్చిందనుకున్నారు మాస్టారు. లేచి గంటసేపు నిప్పులు చెరిగారు. బల్లలు దద్దరిల్లాయి, బిల్లు ఆ రోజే వీగిపోయింది. కాదని తేల్చేశాక మూడు నెలలు ఆగాల్సిన ఖర్మ శాసనసభకేం పట్టింది? ఆ వారమే మళ్లీ ఆమోదించి పంపింది. మండలి పౌరుషం కొద్దీ అది వచ్చిన రోజే మళ్లీ తోసిపుచ్చింది. దాంతో మండలి పని అయిపోయింది, బిల్లు చట్టమైంది.

దసరా రాకముందే ఊరు లేపేశారు. మాస్టారు వెళ్లేసరికి సామాన్లు బళ్లకెక్కుతున్నాయి. చేలల్లో వరి పొట్ట మీద ఉంది, కంకి ఇంకా బయటపడలేదు. పోలమ్మ అనే రైతు గట్టు మీద కూలబడి ఉంది. ఆమెకు ఆయన మీద కోపం కూడా లేదు. ఆయన్ని చంపేసింది అదే.

"మాకోసం గట్టిగా కొట్లాడారంట గదా బాబూ, సల్లగుండాల" అందామె. "ఇంకో మూణ్ణెల్లు ఆపగలిగుంటే ఈ గింజలు ఇంటికి చేరేవి. ఏడాదంతా పిల్లలు తినేవోళ్లు."

మాస్టారు చెప్పడం ఆపారు. ఇందుమతి, "అయితే రేపు నన్ను నోరు మూసుకు కూర్చోమంటారా?" అంది.

మాస్టారు ఆమె వైపు చూడలేదు.

"ఆ రోజు నేను చాలా బాగా మాట్లాడానమ్మా" అన్నారు.