రాహేలమ్మ తిట్లకు స్తోత్రం

అనగా అనగా, గడియారాలింకా పడవెక్కి మన లంకలకి రాని కాలంలో, గోదారి పాయల మధ్య జిల్లేడులంక అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక తాటాకుల చర్చి. చర్చికి గంట లేదు. ఎందుకు లేదంటారా? రాహేలమ్మ ఉండగా మళ్ళీ గంటొకటి దండగ అనుకున్నారు ఊరివాళ్ళు.

రాహేలమ్మ ఒంటరి మనిషి. ఏటిగట్టున చిన్న పాక, పాక మీదికి నాలుగు సొరపాదులు. కాయలమ్ముకుని బతికేది. మనిషి పిడికెడంత, నోరు మాత్రం ఊరంత. తెల్లారకముందే వాకిలి ఊడుస్తూ మొదలెట్టేది. పాలేరు లేవలేదని ఒక తిట్టు, పక్కింటి కోడలు పొయ్యి రాజెయ్యలేదని ఒక తిట్టు, ఇంకా పొడవలేదని పొద్దుకే ఒక తిట్టు. ఊరు విసుక్కునేది. విసుక్కుంటూనే లేచేది.

ఆ నోటి వెనక ఒక కడుపుకోత ఉంది. రాహేలమ్మకి హన్నా అని ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్లకి చీకటంటే భయం. దీపం లేకపోతే అమ్మ కొంగు వదిలేది కాదు.

ఇప్పుడు సమాధుల తోట సంగతి చెప్పాలి. పెద్దింటివాళ్ళ సమాధులు ముందు, లేనివాళ్ళవి వెనక. హన్నాది అన్నిటికన్నా చివర, తుమ్మచెట్ల పక్కన. ఈస్టరు నాడు తెల్లవారుజామున సంఘమంతా చర్చి దగ్గర కలుసుకుని, ఒక కొవ్వొత్తి వెలిగించి, పాడుకుంటూ తోటకి పోతారు కదా. ఆ మొదటి కొవ్వొత్తి పట్టే హక్కు సంఘపెద్ద జకర్యా భార్య గ్రేసమ్మది. ఆవిడ తన మామగారి సమాధి మీద వెలిగిస్తే, దాన్నుంచి పక్కవాళ్ళు, వాళ్ళ నుంచి ఆ పక్కవాళ్ళు. అంతకుముందు ఎవరూ వెలిగించకూడదు, అది కట్టుబాటు. పెళ్ళి భోజనాల్లో చివరి బంతికి నెయ్యి వచ్చినట్టు వచ్చేది ఆ వెలుగు. హన్నా దగ్గరికి చేరేసరికి ఎండెక్కేది. ఎండలో కొవ్వొత్తి పెట్టి రాహేలమ్మ ఏడ్చేది. దానికి కావలసింది చీకట్లో దీపం గదా అని ఆ తల్లి బాధ.

ఒక ఏడాది భస్మ బుధవారం వచ్చింది, ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలయ్యే రోజు. నుదుట బూడిద పెట్టించుకుని అందరూ కూర్చున్నాక, చర్చి నడిపే దానియేలు అయ్యగారు అడిగారు, ఈ శ్రమకాలంలో ఎవరెవరు ఏమేం మానేస్తున్నారని. జకర్యా లేచి వంకాయ మానేశానన్నాడు. వంకాయ తింటే ఆయనకి ఒళ్ళంతా దురద. గ్రేసమ్మ నీసు మానేశానంది, ఎండుచేపలు నీసులోకి రావు గాబట్టి అవి తప్ప. పాటలు పాడే తిమోతి అబద్ధాలు మానేశానన్నాడు. అదే ఆ శ్రమకాలానికి మొదటి అబద్ధం.

అయ్యగారు తల పట్టుకున్నారు. ఎవరైతే తమకి నిజంగా కష్టమైనది మానేసి, ఈస్టరు పొద్దు పొడిచేదాకా నిలబడతారో, ఈసారి మొదటి కొవ్వొత్తి వాళ్ళదే, వాళ్ళకిష్టమైన సమాధి మీదే ముందు వెలిగించుకోవచ్చు అన్నారు. వెనకనుంచి ఎవడో రాహేలమ్మని తిట్లు మానెయ్యమనండి అన్నాడు. చర్చి చర్చంతా నవ్వింది.

రాహేలమ్మ లేచి నిలబడింది.

"మానేశానయ్యగారూ," అంది. కూర్చుంది.

సాయంత్రం దాకా ఆగితే గొప్పే అనుకుంది గ్రేసమ్మ.

మొదటి వారం జకర్యా గేదె వచ్చి రాహేలమ్మ సొరపాదంతా మేసేసింది. రాహేలమ్మ నోరు తెరిచింది. హన్నా గుర్తొచ్చింది. స్తోత్రం అని నోరు మూసింది.

తర్వాత గ్రేసమ్మ కోళ్ళు పాకలోకి దూరి నూకలన్నీ పొడుచుకు తిన్నాయి. రాహేలమ్మ నోరు తెరిచింది. హన్నా గుర్తొచ్చింది. స్తోత్రం అని నోరు మూసింది.

ఆ తర్వాత తిమోతి కావాలనే ఆవిడ కుండ అడిగి పట్టుకెళ్ళి, పెంకులు తెచ్చి ఇచ్చాడు. రాహేలమ్మ నోరు తెరిచింది. చాలాసేపు తెరిచే ఉంచింది. హన్నా గుర్తొచ్చింది. స్తోత్రం అని మూసింది గానీ, ఆ స్తోత్రం విని తిమోతి రెండడుగులు వెనక్కి వేశాడట.

ఇంతలో ఊరి సంగతేమైంది? లేపే నోరు లేదు, ఎవడు లేస్తాడు? బారెడు పొద్దెక్కినా పశువులు కొట్టాల్లోనే ఉండేవి. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి సగంమంది మట్టలు పట్టుకుని ఆరాధన అయిపోయాక వచ్చారు. పోనీలే, ప్రాణానికి హాయిగా ఉంది, ఇన్నాళ్ళూ ఈవిడ వల్ల నిద్రే లేదు అనుకున్నారు.

మంచి శుక్రవారం, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన అయింది. శనివారం ఊరంతా సమాధులకి సున్నాలు వేసి, పూలు కట్టి, అరిసెలు వండి, ఒళ్ళు హూనం చేసుకుంది. సాయంత్రం అయ్యగారు మొదటి కొవ్వొత్తి తెచ్చి రాహేలమ్మ చేతిలో పెట్టారు. నిలబడ్డావమ్మా, ఇంకొక్క పొద్దు అన్నారు. గ్రేసమ్మ మొహం మాడిపోయింది.

కోడి కూసింది. రాహేలమ్మ ఉతికిన చీర కట్టుకుని, కొవ్వొత్తి వెలిగించుకుని చర్చి దగ్గరికొచ్చింది. ఒక్క పిట్ట లేదు. అయ్యగారి తలుపు మెల్లగా తట్టి, లేవండి నాయనా అంది. అయ్యగారు ఇటునుంచి అటు తిరిగి పడుకున్నారు. జకర్యా ఇంటిముందు నిలబడి కీర్తన పాడింది. వాళ్ళకి అది జోలపాటయింది. తిమోతి చెవి దగ్గర బాబూ బాబూ అని బతిమాలింది. వాడు నిద్రలోనే వస్తున్నానన్నాడు.

తూర్పున చీకటి పలచబడుతోంది. చేతిలో కొవ్వొత్తి ఉంది. కావాలంటే ఒక్కతే పోయి బిడ్డ దగ్గర వెలిగించుకోవచ్చు, అడిగేవాడు లేడు. రెండడుగులు వేసింది కూడా. ఆగిపోయింది. ఆ తోటలో హన్నా ఒక్కతే ఉందా? జకర్యా తండ్రున్నాడు. తిమోతి తల్లుంది. గ్రేసమ్మకి పురిట్లో పోయిన పసిగుడ్డుంది. వాళ్ళందరినీ చీకట్లో ఉంచి నా ఒక్కదానికే దీపమా అనుకుంది. ఇప్పుడు నోరు విప్పితే ఈ కొవ్వొత్తి తనది కాదు. అదీ తెలుసు.

రాహేలమ్మ నోరు తెరిచింది. హన్నా గుర్తొచ్చింది. ఈసారి మూయలేదు.

"ఒరే జకర్యా, ప్రభువు సమాధి రాయే తోసుకుని లేచాడు, నీకు దుప్పటి తోసుకునే సత్తువ లేదట్రా? నీ జిమ్మడ, లే!"

శ్రమకాలమంతా దాచుకున్న తిట్లు. కట్ట తెగింది. జకర్యా గేదె బాకీ, గ్రేసమ్మ కోళ్ళ బాకీ, తిమోతి కుండ బాకీ అన్నీ వడ్డీతో తీరాయి. మేలుకొని ఉండండని మాకు చెప్పే మీ గురక ఏటి అవతలికి వినబడుతోందని అయ్యగార్ని కూడా వదల్లేదు. ఊరు ఊరంతా లోకాంతపు కడబూర మోగిందనుకుని లేచి పరిగెత్తింది. జకర్యా భార్య చీర చుట్టుకొచ్చాడు. తిమోతి బైబిలనుకుని పీట పట్టుకొచ్చాడు. అయ్యగారు అంగీ తిరగేసి తొడుక్కున్నారు.

చర్చి ముందు చేరాక గ్రేసమ్మ ఆయాసపడుతూనే చెయ్యి చాపింది. పొద్దింకా పొడవలేదు, మొక్కు తప్పింది, కొవ్వొత్తి ఇటివ్వు అంది. అయ్యగారు ఏదో అనబోయారు. ఈలోపే రాహేలమ్మ ఇచ్చేసింది. ఇచ్చి, ఎప్పట్లాగే అందరి వెనకా నిలబడింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

కానీ నోరు తెరుచుకుంది కదా, మళ్ళీ మూతపడుతుందా? ముందున్న ముసలయ్య నత్తలా నడుస్తున్నాడని ఒకటి అంటించింది. ఆయన ఉరికాడు. ఆయన ముందువాళ్ళూ ఉరికారు. పాట కూడా పరుగందుకుంది. గ్రేసమ్మ మామగారి దగ్గర నిలబడి తీరిగ్గా కొంగు సర్దుకోబోతే, వెనకనుంచి వచ్చిన తిట్టుకి గబుక్కున వెలిగించేసింది. వెలిగించినవాడు పక్కవాడికి అందించకుండా ఒక్క క్షణం ఆగితే చాలు, వాడి ఏడు తరాలూ బయటికొస్తున్నాయి. వరస తర్వాత వరస అంటుకుపోయింది.

చివరి కొవ్వొత్తి రాహేలమ్మ చేతికొచ్చింది. తుమ్మచెట్ల కింద ఇంకా చీకటే. హన్నా సమాధి మీద ఆ దీపం పెట్టి, రాహేలమ్మ కూలబడిపోయింది. భయపడకే తల్లీ, దీపమొచ్చింది అంది. ఆవిడ నోటినుంచి అంత మెత్తటి మాట ఊరు ఎప్పుడూ వినలేదు. అప్పుడు పొడిచింది పొద్దు.

రాహేలమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. చర్చికిప్పుడు గంటుంది, మైకుంది. అయినా జిల్లేడులంకలో ఈస్టరు నాడు గంట కొట్టరు. తెల్లవారుజామున ఊళ్ళోకెల్లా పెద్ద ముసలమ్మ బయల్దేరి ఇంటింటి ముందూ పేరు పేరునా తిడుతుంది. దుప్పటి తోసుకునే సత్తువ లేదట్రా అనడంతో మొదలు. తిట్టు పడ్డవాళ్ళు స్తోత్రమమ్మా అని లేవాలి. తోటలో కూడా ఆ ముసలమ్మ అందరి వెనకా ఉండి తరుముతుంది. చివరి సమాధి మీద దీపం పెట్టందే పొద్దు పొడవకూడదని అక్కడి పట్టుదల.

ఒకసారి కొత్తల్లుడొకడు ఆ తిట్లు విని, నన్నింత మాటంటారా అని అలిగి, పెట్టె సర్దుకున్నాడట. మామగారు గుమ్మంలో అడ్డుపడి, తిట్టినందుకు కాదయ్యా బాధపడాల్సింది, నీ పేరు వదిలేసి పక్కింటికి పోయుంటే అప్పుడు ఏడవాలి అన్నాడట. అల్లుడు పెట్టె కింద పెట్టి, కొవ్వొత్తి తీసుకుని, స్తోత్రమమ్మా అని బయల్దేరాడు.