చెరువు ఒడ్డున నాలుగు గుడ్లు

ఎండాకాలం వచ్చిందంటే జమ్ములచెరువు సగానికి సగం కుంచించుకుపోతుంది. నీళ్ళు తగ్గిన చోట మెత్తటి నేల, పచ్చటి తుంగ. చూస్తే ఎవరికైనా అక్కడే ఇల్లు కట్టుకోవాలనిపిస్తుంది. కానీ అక్కడి జంతువులకు ఒక కట్టుబాటు ఉంది. ఆ ఏడు వానలకు నీళ్ళు ఎంతదాకా వస్తాయో తీతువు పిట్టకు తెలుసు. రోహిణికార్తెలో అది నేల మీద ఎక్కడ గుడ్లు పెడుతుందో, అంతకు దిగువన ఎవరూ ఇల్లు కట్టకూడదు.

ఈసారి కుందేలుకు ఆగే ఓపిక లేదు. దానికి ఐదు పసికూనలు. మెట్ట మీది బొరియ నుంచి కాలే నేల మీద నడిచి నడిచి వాటి అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

అప్పుడొచ్చింది నక్క, ఆయాసపడుతూ. "చెల్లెమ్మా! తీతువు గుడ్లు పెట్టేసింది! నీళ్ళకు పది అడుగుల్లో!"

"నిజమా అన్నయ్యా!" కుందేలు ఒక్క గెంతు గెంతింది.

వెళ్ళి చూస్తే తుంగ పక్కన చిన్న గుంటలో నాలుగు మచ్చల గుడ్లు! కబురు గుప్పుమంది. ముంగిస పరుగెత్తుకొచ్చింది, ముళ్ళపంది వచ్చింది, పందికొక్కులు బలగంతో దిగాయి.

"ఈ మూల నాది!"

"జరుగు జరుగు, నేను ముందొచ్చాను!"

తుంగ పీకేవాళ్ళు పీకుతున్నారు, మట్టి తవ్వేవాళ్ళు తవ్వుతున్నారు. అందరికన్నా ముందు, నీళ్ళను ఆనుకుని, నక్క తన గుహ తవ్వుకుంటోంది. ఇంతకుముందు నక్క ఒంటరిగా తవ్వినప్పుడల్లా చెరువులోని ముసలి తాబేలు నలుగురినీ పోగేసి ఆపించేది. పదిళ్ళ మధ్య తనదీ ఒక ఇల్లయితే ఎవరు వేలెత్తి చూపిస్తారు? అదీ నక్క ఎత్తు.

మూడో రోజు తాబేలు నీళ్ళలోంచి తలెత్తింది. "ఆగండర్రా! చేపలు గుడ్లు పెట్టేది ఆ తుంగలోనే. వాన బురదను ఆపేదీ ఆ తుంగే. పీకేస్తే రేపు మీరు తాగేది బురదే!"

"తాతా, నువ్వు ఇల్లు వీపు మీద పెట్టుకుని తిరుగుతావు. ఇల్లు లేనివాళ్ళ బాధ నీకేం తెలుసు?" అంది నక్క. అందరూ గొల్లున నవ్వారు.

కుందేలు నవ్వలేదు. "నా పిల్లల కాళ్ళు చూడు తాతా. నీళ్ళ దగ్గరుండాలనుకోవడం తప్పా?"

"తప్పు కాదమ్మా" అంది తాబేలు, మెత్తగా. "కానీ నీళ్ళు పెరిగితే ముందు మునిగేది ఆ పిల్లలే."

"పెరగవు! తీతువే చెప్పింది కదా!" నక్క గుడ్ల వైపు మూతి తిప్పింది.

తాబేలు పాక్కుంటూ గుంట దగ్గరికెళ్ళింది. గుడ్లను చూసింది, నక్కను చూసింది.

"ఎన్నాళ్ళుగా తవ్వుతున్నావురా ఇక్కడ?"

"మూడు రోజులు. కదిలితే ఒట్టు!"

"మూడు రోజులుగా నాలుగు గుడ్లు నీ మూతి ముందున్నాయి. ఒక్కటీ తినలేదేం?"

తవ్వకాలు టక్కున ఆగిపోయాయి. ఒక పందికొక్కు కిసుక్కుమంది.

"నేను... ఈ నెల ఉపవాసం" అని నీళ్ళు నమిలింది నక్క.

"నా మాట మీద విడిచెయ్. తీతువుకు నేను చెప్పుకుంటాను. తిను!"

"తిను! తిను!" ఒడ్డంతా అరిచింది.

తినకపోతే దొరికిపోతుంది. నక్క కళ్ళు మూసుకుని ఒకటి కొరికింది. ఫట్! విరిగింది గుడ్డు కాదు, పన్ను. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు గానీ, నోట్లోంచి జారిపడ్డ మచ్చల గులకరాయిని అందరూ చూశారు.

అంతలో తీతువు అరుచుకుంటూ దిగింది. "నేనింకా గుడ్లే పెట్టలేదు! ఒక్కరైనా అడిగారా నన్ను?" అని చరచరా గట్టెక్కి, నీళ్ళకూ కుందేలు బొరియకూ సరిగ్గా మధ్యలో కూర్చుంది. "ఇదిగో, ఇక్కడ!"

కుందేలు కళ్ళు మెరిశాయి. నడక సగం తగ్గింది! అక్కడి నుంచి నీళ్ళదాకా తుంగ నీడలో ఒకే కాలిబాట వదలమంది తాబేలు. బాట అందరిదీ, దాని పక్కన ఇల్లు మాత్రం ఎవరిదీ ఉండకూడదు. పీకినవాళ్ళే తుంగను మళ్ళీ నాటారు.

నక్క ఒక్కటే మొండిగా తవ్వుతూ ఉండిపోయింది. మృగశిర తొలివానకు నీళ్ళు తీతువు గుడ్లకు జానెడు కింద ఆగాయి. గట్టు మీద తడిసి వణుకుతూ నక్క చూస్తుండగా, దాని గుహలో చేపలు కాపురం పెట్టాయి.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. చెరువు చోటు చెరువుకు వదిలి కట్టి చూడు.