పల్లంలో పుట్టే గడ్డ

గువ్వలమెట్ట అడవిలో దుప్పులు, ఉడుములు, నెమళ్ళు, ముళ్ళపందులు ఉండేవి. అన్నిటికంటే ఎక్కువగా కుందేళ్ళు ఉండేవి. వాటిలో కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి. చెవులు ఒకటే, పళ్ళు ఒకటే, గెంతు ఒకటే. బొచ్చు రంగు మాత్రం వేరు.

తెల్ల కుందేళ్ళు మిట్ట మీద ఉండేవి. అక్కడ ఊటనీళ్ళు, లేత గరిక, చల్లటి గాలి. నల్ల కుందేళ్ళు పల్లంలో ఉండేవి. అవి ఆ పల్లాన్ని కోరి ఎంచుకోలేదు. తాతల కాలంలో తెల్ల కుందేళ్ళ పెద్దలు, "నల్లవాళ్ళు మిట్ట మీద బొరియ తవ్వకూడదు" అని కట్టడి చేశారు. నడుమ ముళ్ళకంచె వేసి, ఒక్క సందు వదిలి, అక్కడ ముళ్ళపందిని కాపలా పెట్టారు. ఆ పెద్దలు పోయారు. కంచె మాత్రం పోలేదు.

కొన్నాళ్ళకు అడవి అంచున మనుషులు తోళ్ళు నానబెట్టే గుంతలు తవ్వారు. ఆ గుంతల మురుగు వాగులో కలిసేది. వాగు మిట్ట జోలికి పోకుండా నేరుగా పల్లంలోకి దిగేది. ఆ గుంతల పక్కనే వాళ్ళు వెలిగించిన బట్టీల పొగ కూడా గాలి ఆడని పల్లంలోకే వచ్చి కూర్చునేది.

ఆ పల్లంలో కాటుక అనే నల్ల కుందేలు ఉండేది. దానికి మిరియం అని ఒక చెల్లెలు. ఇద్దరివీ పక్కపక్క బొరియలు. మిరియానికి కొత్తగా పిల్లలు పుట్టాయి. వాటిని చూసి అక్కాచెల్లెళ్ళు మురిసిపోయేవారు.

ఒకరోజు మిరియం గొంతు కింద కాటుకకు చిన్న గడ్డ కనిపించింది.

"ఏమిటే ఇది?" అని అడిగింది.

"ఏమో అక్కా! నొప్పేం లేదు. పిల్లలు కాస్త పెరగనీ, చూపించుకుంటాను" అంది మిరియం.

వైద్యం చేసే ఎలుగుబంటి ఉండేది మిట్ట మీద. పల్లం నుంచి అక్కడికి ఎక్కడమంటే మాటలు కాదు. ఎక్కినా కంచె దగ్గర ముళ్ళపంది ఆపేస్తుంది. పాలు తాగే పిల్లల్ని వదిలి మిరియం ఎలా వెళ్తుంది? పల్లంలో గడ్డలు లేనివాళ్ళు తక్కువ. అందుకే చూసినవాళ్ళు కూడా పెద్దగా కంగారు పడలేదు.

గడ్డ పెరిగింది. మేత మింగుడు పడటం కష్టమైంది. అప్పుడు కాటుక ఇక ఆగలేదు. పిల్లల్ని ఇరుగుపొరుగుకు అప్పగించి, చెల్లెల్ని నడిపించుకుంటూ మిట్ట ఎక్కింది.

కంచె సందులో ముళ్ళపంది అడ్డం నిలబడింది.

"ఎవరు? ఎక్కడికి?"

"వైద్యుడి దగ్గరికి బాబూ. నా చెల్లెలికి బాగాలేదు."

"ముందు మిట్టవాళ్ళు చూపించుకోవాలి. మీరు అక్కడ కూర్చోండి."

అక్కాచెల్లెళ్ళు ఎండలో కూర్చున్నారు. కాలికి ముల్లు గుచ్చుకున్న తెల్ల కుందేలు వచ్చి వెళ్ళింది. జలుబు చేసిన తెల్ల కుందేలు వచ్చి వెళ్ళింది. పొద్దు వాలాక ముళ్ళపంది పక్కకు తప్పుకుంది.

ఎలుగు వైద్యుడు గడ్డను తడిమి చూసి మొహం దించుకున్నాడు.

"లేతగా ఉన్నప్పుడు తెస్తే కరిగించేవాణ్ణి. ఇప్పుడు లోపలికి వేళ్ళు దిగాయి. పల్లంవాళ్ళు ఎప్పుడూ ఇంతే. అంతా ముదిరాక వస్తారు" అన్నాడు.

అక్కడే తెల్ల కుందేళ్ళ పెద్ద శంఖయ్య కూర్చుని ఉన్నాడు. తన మెరిసే బొచ్చును నాకి సవరించుకుంటూ, "వాళ్ళ నెత్తురే అలాంటిది వైద్యుడా! నల్లబొచ్చులో పుట్టే జబ్బు అది. మా తెల్లవాళ్ళలో ఎవరికైనా వచ్చిందా? పుట్టుకను ఎవరు మారుస్తారు!" అన్నాడు.

కాటుక తల వంచుకుంది. నిజమేనేమో అనుకుంది. తల్లికీ గడ్డే వచ్చింది, పెద్దమ్మకూ గడ్డే వచ్చింది. నా చెల్లెలు నల్లగా పుట్టడమే పాపమైందేమో అనుకుంది.

దిగి వస్తుంటే మిరియం నెమ్మదిగా అడిగింది. "అక్కా, నేనేం తప్పు చేశాను?"

కాటుక చెల్లెల్ని తన ఒంటికి ఆనించుకుని నడిపించింది.

వానలు మొదలయ్యేసరికి మిరియం కన్నుమూసింది. తల్లి ఇంకా బతికే ఉందనుకుని పిల్లలు పాల కోసం పొట్ట దగ్గర వెతుక్కుంటూనే ఉన్నాయి. కాటుక వాటిని ఒక్కొక్కదాన్ని నోట కరుచుకుని తన బొరియలోకి తెచ్చుకుంది.

పల్లంలో వెన్న అని ఒక తెల్ల కుందేలు ఉండేది. నల్ల కుందేలును కట్టుకుందని మిట్టవాళ్ళు వెలివేస్తే, పల్లానికి వచ్చి కాపురం పెట్టింది. మిరియం పోయిన కొన్నాళ్ళకు వెన్న కాటుక దగ్గరికి వచ్చింది.

"వదినా, ఇక్కడ ఒకసారి చూడు. చేతికి ఏదో తగులుతోంది" అంది.

గొంతు కింద గడ్డ. అదే చోట, అలాంటిదే. చుట్టూ బొచ్చు మాత్రం పాలలా తెల్లగా ఉంది.

కాటుక ఆ బొచ్చును చూసింది. చూసి, బొరియ బయట మసకగా పేరుకున్న పొగను చూసింది. వాగులో తేలే నురగను చూసింది. అంతవరకూ గుండెలో మూగగా ఉన్న దుఃఖం ఒక్కసారి భగ్గున మండింది.

"లే వదినా! ఇప్పుడే వెళ్దాం" అంది.

వెలివేసినదైనా వెన్న బొచ్చు తెల్లది కాబట్టి ముళ్ళపంది ఇద్దరినీ ఆపలేదు. గడ్డ లేతగా ఉంది కాబట్టి వైద్యుడి మందు పనిచేసింది. కానీ వెన్నను చూశాక ఎలుగు వైద్యుడి ముఖంలో రంగు మారింది. అతను అప్పటివరకూ ఒక్కసారి కూడా పల్లంలోకి దిగలేదు. ఆ రోజు కాటుక వెంట దిగాడు. వాగు నీళ్ళు నాలుకకు తగిలించి ఉమ్మేశాడు. పొగకు దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"కాటుకా, మిమ్మల్ని ఆలస్యంగా వచ్చారని తిట్టాను. ఇంత దారి, అక్కడ ఆ కంచె ఉందని ఆలోచించలేదు. మీరు ఏం తాగుతున్నారో అడగనే లేదు" అన్నాడు.

"అడిగి ఉంటే నా చెల్లెలు ఉండేదేమో అయ్యా" అంది కాటుక.

వైద్యుడు మిట్ట మీద అందర్నీ పిలిపించాడు. వెన్నను చూపించి జరిగింది చెప్పాడు. "జబ్బు బొచ్చులో లేదు, పల్లంలో ఉంది. కంచె తీసేసి వాళ్ళను పైకి రానివ్వండి" అన్నాడు.

శంఖయ్య నవ్వాడు. "ఆ వెన్న నల్లవాళ్ళ పొత్తు చేసి చెడింది. నా మచ్చలేని వంశానికి ఏ పల్లం ఏం చేస్తుంది? కావాలంటే నేనే వెళ్ళి అక్కడ కాపురం ఉంటాను. అంతవరకూ కంచె తీసుకోండి. నాకేమీ కాలేదంటే కంచె మళ్ళీ వేయాలి. వీళ్ళంతా దిగిపోవాలి" అన్నాడు.

"వద్దు తాతా! పంతానికి పోయే చోటు కాదది. శత్రువుకైనా వద్దు" అంది కాటుక.

"నువ్వా నాకు చెప్పేది!" అని శంఖయ్య అప్పుడే లేచి పల్లానికి దిగిపోయాడు.

కంచె తీశారు. నల్ల కుందేళ్ళు పైకి వచ్చి ఊట చుట్టూ బొరియలు తవ్వుకున్నాయి. కొన్ని తెల్ల కుందేళ్ళు మొహం తిప్పుకున్నాయి. కొన్ని వచ్చి మన్ను తోడాయి.

శంఖయ్య పల్లంలో ఒక్కడే ఉన్నాడు. ఆ నీళ్ళే తాగాడు, ఆ పొగే పీల్చాడు. ఏడాది తిరిగి మరో ఏడాది వచ్చింది. అతని గొంతు కింద గడ్డ లేచింది. చెబితే ఓడిపోతాడు. అందుకని బొచ్చును ముందుకు దువ్వుకుని దాన్ని కప్పుకున్నాడు. మనవలు చూడటానికి వస్తే, "దివ్యంగా ఉన్నాను, పొండి" అని కసిరి పంపేశాడు.

ఆఖరికి నడవలేక వాగు ఒడ్డున పడిపోయాడు. ఉడుములు చూసి మిట్టకు కబురు చెప్పాయి. అందరికంటే ముందు దిగింది కాటుక. ఆనించుకుని, ఆగి ఆగి, పైకి తెచ్చింది. ఈసారి దారిలో ఎవరూ అడ్డుపడలేదు. కానీ గడ్డ వేళ్ళు లోపలికి దిగిపోయాయి. వైద్యుడు తల అడ్డంగా ఊపాడు.

పోయేముందు శంఖయ్య కాటుకను దగ్గరికి పిలిచాడు. గొంతు సరిగ్గా పెగలడం లేదు.

"మీ చెల్లెలు కూడా ఇంత బాధ పడిందా?"

"పడింది తాతా. రాత్రీ పగలూ మూలిగింది. మీరు వినపడనంత ఎత్తులో ఉన్నారు."

శంఖయ్య కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. కాటుక అతని పక్కనే కూర్చుంది. గెలిచానని దానికి అనిపించలేదు.

మిట్ట మీదికి వచ్చినంత మాత్రాన నల్ల కుందేళ్ళ కష్టాలన్నీ తీరలేదు. చాలా ఏళ్ళు పల్లంలో గడిపిన ముసలివి ఊట పక్కన ఉండి కూడా ఒక్కొక్కటే పోయాయి. వాళ్ళు పల్లాన్ని వదిలారు గానీ పల్లం నీళ్ళు వాళ్ళను వదల్లేదు. కాటుకకూ గడ్డ లేచింది. ఆ పూటే వైద్యుడి దగ్గరికి వెళ్ళింది. గొంతు మీద మచ్చ మిగిలింది, ప్రాణం నిలిచింది.

తర్వాత కుందేళ్ళన్నీ, తెల్లవీ నల్లవీ కలిసి, కాటుకను తమ పెద్దగా ఎన్నుకున్నాయి. ఏ రంగు బొచ్చు ఉన్నవాళ్ళయినా సరే, ఎవరూ పల్లంలో కాపురం ఉండకూడదని ఆమె చెప్పింది. గరిక తడిగా మెరిసే ఉదయాల్లో మిరియం పిల్లలు గెంతుతుంటే చూస్తూ కూర్చునేది. వాటి గొంతులు నున్నగా ఉండేవి. ఆ కంచె ఒక్క ఏడాది ముందు తీసి ఉంటే ఈ పక్కనే ఇంకొకరు కూర్చుని ఉండేవారు కదా అనుకునేది. అనుకుని, కళ్ళు తుడుచుకుని, పిల్లల్ని మేతకు పిలిచేది.

నీతి: ఒకరి జబ్బుకు వారి పుట్టుకను నిందించే ముందు, వారు తాగే నీళ్ళను, పీల్చే గాలిని, వారికి మనం మూసిన దారిని చూడాలి.