నాంచారి పాతిన మూడు కుండలు

అనగా అనగా, ఒక కొండకు ఇంకా పేరైనా పెట్టని రోజులలో, నాంచారి అనే కుమ్మరి ఆడపడుచు ఉండేది. ఆమె అవ్వ మంగక్క మండుటెండలో చలివేంద్రం నడిపిన ఇల్లాలు. తండ్రి వీరన్న వరద వచ్చిననాడు ఊరికంతటికీ ఉచితంగా కుండలు చేసి ఇచ్చినవాడు. తల్లి ఓబులమ్మ దిక్కులేనివారికి పురుళ్లు పోసిన చేయి. నాంచారికి మాత్రం ఒక కాలు కుంటి.

వానలు ముఖం చాటేయగా, ఆ కొండ అంచున కొత్త ఊరు కట్టుకుందామని జనం బళ్లు కట్టారు. నాంచారి గాడిదను తోలుకుంటూ అందరికంటే వెనుక నడిచింది. మొదటి మజిలీలో ఆగింది. కుండెడు కొర్రలు పాతింది. పైన మూడు రాళ్లు పేర్చింది. రెండవ మజిలీలో ఆగింది, పాతింది, పేర్చింది. మూడవ మజిలీలోనూ ఆగింది, పాతింది, పేర్చింది. ఆ కుండల మూతలపై కాల్చకమునుపే రెండు చేతులు గీసి ఉంచింది. ఒకటి తీసుకునేది, ఒకటి పెట్టేది.

పెద్దకాపు గంగిరెడ్డి పకపక నవ్వాడు. "ఏమే నాంచారీ, తినే గింజలు మట్టికి తినిపిస్తున్నావా? నీ గాడిదే నయమే!"

"వెనుక నడిచేదాన్ని గదా మామా. వెనుక వచ్చేవాళ్లు నాకే కనబడతారు."

కొత్త ఊరు లేచింది. పొలాలు సిద్ధమైనాయి. తొలకరికి వారం ముందు గాదెకు నిప్పంటుకుంది. విత్తనం గింజ మిగలలేదు. ఈ కార్తెలో విత్తకపోతే ఊరే ఉండదు. గంగిరెడ్డి తలపాగా విప్పి నేలపై కూలబడ్డాడు.

"మూడు కుండలున్నాయి మామా," అన్నది నాంచారి.

"పిచ్చిదానా! ఎవరో ఎప్పుడో వండుకొని తిని ఉంటారు."

"తింటే తిననీ. చూసి వస్తే కాళ్ల నొప్పులు నాకే గదా!"

గంగిరెడ్డి సిగ్గుపడి బండి కట్టాడు. దగ్గరి మజిలీలో తవ్వారు. నాంచారి మూత తీసింది. కుండలో కొర్రలు లేవు.

"పోయాయే!" అన్నాడు గంగిరెడ్డి.

"పోయాయి మామా. జొన్నలు వచ్చాయి!"

రెండవ చోట తవ్వారు. కొర్రలు లేవు, నిండుగా కందులున్నాయి. మూడవ చోట మూడు రాళ్లు కాదు, పెద్ద రాళ్ల గుట్టే ఉంది. తవ్వితే ఒక కుండ చుట్టూ తొమ్మిది కుండలు! సజ్జలు, పెసలు, ఆముదాలు. ఎవరు పెట్టారో నాంచారికి తెలియదు. ఆమెను వారూ ఎరుగరు.

విత్తారు. వాన కురిసింది. ఊరు నిలిచింది. కోతలనాడు గంగిరెడ్డి పదిమందిలో నిలబడి, "ఇకమీదట ఏటా కోతలనాటి మన ఊరేగింపు నాంచారి నడకతోనే నడవాలి. ఆమెను దాటి ఎవరూ అడుగు వేయరాదు," అన్నాడు.

నేటికీ అక్కడ ఊరేగింపు అంతే మెల్లగా నడుస్తుంది. నాటి గాదె చోట తొలి కాపురాలవారి వస్తువులు దాచిన చిన్న ప్రదర్శనశాల ఉంది. సెల్‌ఫోనులో దారి గుర్తులు చూసుకుంటూ దూరదేశాలవారు వస్తారు. మూడు రాళ్లు వెదకుతారు. వాటి కింది డబ్బా తెరిచి, ఒక విత్తనాల పొట్లం తీసుకొని, తమది ఒకటి పెట్టి, పుస్తకంలో పేరు వ్రాస్తారు.

వయసు మళ్లాక నాంచారి తన కుమ్మరిసారెను మేనకోడలు గురవమ్మకు ఇచ్చింది. మంచి మట్టి దొరికే గుంటను కొత్తగా వచ్చిన కుమ్మరులకు చూపింది. మూడు మజిలీల దారిని ఊరందరికీ నేర్పింది.