ఉస్తాద్ గీసిన కాగితం

గీత తప్పకుండా కుట్టిన గౌను ఒంటిమీద ఎందుకు వాడిపోయినట్టుందో వారిజకు అర్థం కాలేదు.

కుట్టించుకున్న పిల్ల పేరు ఆర్ద్ర. డిగ్రీ చదువుతోంది. జపానులో పుట్టిన లోలిటా ఫ్యాషన్ అంటే ప్రాణం. మోకాళ్ళ దాకా గంటలా విచ్చుకున్న గౌను, తెల్లటి లేసులు, అచ్చం పాతకాలపు బొమ్మలా తయారవ్వాలి. అలా తయారయ్యేవాళ్ళంతా ఆదివారం హైదరాబాదులో కలుస్తున్నారు. ఆర్ద్ర వెళ్ళడం అదే మొదటిసారి.

ఆ గౌను కోసం వారిజ తన గురువు రబియా ఆపా పెట్టె తెరిచింది. ఆపా కాజీపేటలో నలభై ఏళ్ళుగా కుడుతోంది. ఆమెకు పని నేర్పిన ఉస్తాద్ ఒకప్పుడు రైల్వే దొరసానుల గౌన్ల కోసం గీసిన ఖాకీ కాగితపు నమూనాలు అందులో ఉన్నాయి. వారిజ ఒకటి తీసి, కళ్ళకద్దుకుని, దాని ప్రకారమే గుడ్డ కత్తిరించింది.

ఆర్ద్ర తను తెచ్చుకున్న లోపలి లంగా మీద గౌను వేసుకు చూసింది. పైభాగం చక్కగా కుదిరింది. కింద గుడ్డ చాలలేదు. పొరలు పొరలుగా ఉబ్బిన లంగా నలిగి, ఒకపక్కకు పొడుచుకొచ్చింది.

ఆర్ద్ర అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"బాగుందక్కా. లోపలిది వేసుకోనులే," అంది. కళ్ళు తుడుచుకుంది.

వారిజ ఆపా వైపు తిరిగింది. "ఉస్తాద్ గీతకి అరంగుళం తేడా రానివ్వలేదు ఆపా. ఈ ఫ్యాషనే దీనికి సరిపోదు."

ఆపా ఆర్ద్రని దగ్గరికి పిలిచి, ఆ లంగా అంచుని వేళ్ళ మధ్య పట్టి చూసింది.

"ఈ కుచ్చిళ్ళు ఎవరు కుట్టిన్రు?"

"నేనే. మిషను లేదు, చేత్తోనే. మూడు నెలలు పట్టింది."

"షాబాష్ బిడ్డా," అంది ఆపా. ఆమె నోట ఆ మాట వారిజ ఎప్పుడో గానీ వినలేదు.

ఆపా చాప పరిచి, నమూనాలో గౌను కింది ఘేరాకు ముందువైపు కాగితం దానిమీద పెట్టింది. కత్తెర తీసుకుంది. కింది అంచు నుంచి పైకి కోసుకుంటూ వెళ్ళి, నడుము దగ్గర వెంట్రుకవాసి వదిలి ఆగింది. దాని పక్కన ఇంకో కోత. ఇంకోటి.

"ఆపా! అది ఉస్తాద్ చేతిగీత!"

ఆపా ఆ ముక్కల్ని మెల్లగా ఎడం చేసింది. నడుము కొలత మారలేదు. కింది అంచు మాత్రం విసనకర్రలా విచ్చుకుంది. ఆర్ద్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

వెనకభాగపు కాగితాన్ని ఆపా వారిజ ముందుకు జరిపి, కత్తెర పిడి ఆమె వైపు తిప్పింది.

వారిజ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆయనుంటే ఏమనేవారో!"

"ఇది కోస్తే ఏమనకపోయేటోడు," అంది ఆపా. "ఆ పిల్ల ఏడ్చుకుంట పోతే మాత్రం నన్ను దుకాణంల ఉండనియ్యకపోయేటోడు."

వారిజ కత్తెర అందుకుంది.

ఆదివారం పొద్దున ఆర్ద్రని రైలెక్కించడానికి వారిజ స్టేషనుకి వెళ్ళింది. కొత్త గుడ్డతో కింది భాగం మళ్ళీ కుట్టిన గౌను రెండు సీట్ల మేర పరుచుకుంది. పక్కావిడ విసుక్కోకుండా జరిగి, ఆ అంచుల్ని కళ్ళప్పగించి చూసింది.

"ఎంత బాగుందో! ఎవరమ్మా కుట్టింది?"

ఆర్ద్ర కిటికీలోంచి వారిజను చూపించింది.

వారిజ నోరు తెరిచింది. ఉస్తాద్ పేరా, ఆపా పేరా, తన పేరా, ఏది చెప్పాలో తోచలేదు.

రైలు కదిలింది.