నడిమింటి కొలత

మన తాతల తాతలకు పాలపళ్లు కూడా రాని రోజుల్లో జొన్నలగరువనే ఊరుండేది. ఆ ఊరి పిల్లలకు చదువు చెప్పడానికి సోమలింగం పంతులు వచ్చాడు.

"జీతమెంత ఇమ్మంటారు పంతులుగారూ?" అనడిగారు ఊరివాళ్లు.

"షావుకారంత వద్దు. కూలివాడంత చాలదు. నడిమింట్లో ఎంత పండితే నాకూ అంత."

సరేనన్నారు. నూర్పిళ్లు కాగానే ప్రతి ఇల్లాలూ కళ్లంలో నిలబడి తమ ఇంటి పంట చెప్పాలి. తక్కువ నుంచి ఎక్కువకు వరస కట్టాలి. సరిగ్గా మధ్యనున్న ఇంట్లో ఎన్ని తూములు పండాయో, అన్ని తూముల జొన్నలు అందరూ కలిసి పంతులికి పొయ్యాలి. అదీ కట్టుబాటు.

బంగారక్కకు ఆ ఏడు పన్నెండు తూములు పండాయి. ముందు నిలబడ్డవాళ్లంతా తగ్గించే చెప్పారు. తనూ ఎనిమిదంది. పంతులికి తక్కువే ముట్టింది. "మంచిదమ్మా" అన్నాడు.

రెండో ఏడూ పన్నెండే పండాయి. బంగారక్క ఆరంది. "మంచిదమ్మా" అన్నాడు పంతులు. ఆవును అమ్ముకున్నాడు.

మూడో ఏడూ పన్నెండే. బంగారక్క నాలుగంది. "మంచిదమ్మా" అన్నాడు. పంతులు ఒంటిపూట అంబలికి దిగాడు.

"మీ చదువు నాకొద్దు బాబూ! నా ఇంట్లో రెండు పూటలా ఉడుకుతోంది" అన్నాడు బర్రెలు కాసే కోటయ్య. అందరూ నవ్వారు. పంతులూ నవ్వాడు.

ఆ సాయంత్రం బంగారక్క కూతురు నాంచారి అడిగింది.

"అమ్మా, గాదెలో పన్నెండుంటే నాలుగన్నావేం?"

"నీకెవరు చెప్పారే?"

"నేనే కొలిచా. పంతులుగారు నేర్పారుగా. ఆయనకీ చెప్పా. మూడేళ్ల నుంచీ బళ్లో పిల్లలమందరం చెబుతున్నాం."

బంగారక్క చేతిలో చాట ఆగిపోయింది.

"ఏమన్నాడే?"

"లెక్క తప్పలేదు, శభాష్ అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లని చిన్నబుచ్చొద్దు అన్నారు."

రెండు తూములు తీసుకెళ్లి ఇచ్చేద్దామనుకుంది బంగారక్క. తనొక్కతే ఇస్తే మిగతావాళ్లు ఆడిపోసుకుంటారనిపించింది. రేపనుకుంది. ఎల్లుండనుకుంది. వానలు పడ్డాక అనుకుంది.

వానలతో పాటు ఊళ్లోకి జ్వరాలొచ్చాయి. తిండి ఉన్నవాళ్లు లేచి తిరిగారు. పంతులు లేవలేదు.

మళ్లీ నూర్పిళ్లయ్యాయి. కొత్త పంతులు వచ్చి కళ్లం పక్కన నిలబడ్డాడు. అందరికన్నా ముందు పిలుపు బంగారక్కకొచ్చింది. కూతుర్ని ముందుకు తోసింది.

"నువ్వు చెప్పవే."

"పన్నెండు" అంది నాంచారి.

తర్వాతి ఇల్లాలు తన కొడుకును ముందుకు పంపింది. ఆ తర్వాతామె మనవరాలిని పంపింది. ఆ ఏడు కొత్త పంతులింట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది.

ఇప్పటికీ జొన్నలగరువులో ఇంటి పంట చెప్పేది పిల్లలే. వాళ్లు చెబుతున్నంతసేపూ తల్లులు వెనక నిలబడి ఉంటారు. ఆఖరి పిల్ల చెప్పేదాకా ఒక్కతి కూడా కూర్చోదు.